రాయచోటి సీమ యింటివంటలో వరియన్నపు స్థానము

రాయచోటి ప్రాంతపు పల్లెలయందు ‘పండుగ వచ్చినది’ అనుటకును ‘అన్నము వండినారు’ అనుటకును ఒకప్పుడు పెద్ద భేదము లేదు. అన్నమనగా ఇచ్చట వరియన్నమే. తక్కిన దినములలో తినునది సంగటి, లేదా కొఱ్ఱబువ్వ, లేదా అంబలి. వరి పండుగధాన్యము, రాగి, జొన్న, కొఱ్ఱ, సద్ద దినధాన్యములు. ఈ విభాగము ఎట్లేర్పడినది, ఎంతకాలము నిలిచినది, తుదకెట్లు తలక్రిందులైనది అను విషయమును ఇంటివంట నాధారముగా గొని పరిశీలించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇట్టి పరిశీలనకు వ్రాతపూర్వకమైన ఆధారములు తక్కువ. సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, తెలుగువారి తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగా పరిగణించుటకు దారి చూపినది. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినది. అయినను వారి కాధారమైన కావ్యములు అధికముగా రాజగృహములను, నగరములను, బ్రాహ్మణగృహములను వర్ణించినవే. ‘క్రీడాభిరామము’న ఓరుగంటి పూటకూళ్లయిల్లు కలదు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు వానకాలమున ఒక రీతిగ, చలికాలమున ఒక రీతిగ, వేసవిని మఱియొక రీతిగ అతిథులకు భోజనము పెట్టును. కృష్ణరాయలు మన సీమనేలిన ప్రభువే యైనను, ఆ విస్తరి మెట్టసేద్యము చేసికొను కాపుకుటుంబపు విస్తరి కాదు. కావున మేము వాడుకమాటలను, వంటపద్ధతులను, పండుగ ఆచారములను సాక్ష్యములుగా స్వీకరించితిమి. కుండయు, కుండలోని పదార్థమునకు గల పేరును గూడ శాసనమువలెనే మాటలాడునని మా నమ్మకము.

రాయచోటికి రాచవీడను నామాంతరము కలదు. మాండవ్యనది యొడ్డున వెలసిన వీరభద్రస్వామి యాలయము ఈ యూరికి ప్రసిద్ధి తెచ్చినది. అచటి యుత్సవములకు కన్నడసీమ భక్తులును వత్తురు. పదునెనిమిదవ శతాబ్దమున కడపసీమ మొదట నవాబులకును, పిదప మైసూరు హైదరు, టిప్పులకును, 1792లో నిజామునకును లోబడి, 1800లో దత్తమండలములలో భాగముగా కుంపిణీవారి చేతికి వచ్చినది. చాలకాలము కడప జిల్లాలో నుండిన రాయచోటి, 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా యేర్పడినప్పుడు దానికి ముఖ్యపట్టణమైనది. పాలకులు మాఱిరి గాని వాన మాఱలేదు. కడపజిల్లాకు సగటున ఏటికి కురియునది సుమారు 700 మిల్లీమీటర్లు. అదియు అదనునకు కురియునను నమ్మకము లేదు.

1800 నుండి 1807 వఱకు ముఖ్య కలెక్టరుగా నుండిన థామస్ మన్రో ఈ మండలములయందు పొలము పొలమును కొలిపించి శిస్తు నిర్ణయించెను. ఆ లెక్కలలో భూమి మాగాణి, తోట, మెట్ట అని మూడు తెగలు. చెఱువుల క్రింద నున్న కొద్దిపాటి మాగాణియే వరికి నెలవు. వంటయింట మనము చూచు పండుగధాన్య దినధాన్యముల భేదమునకు మూలము ఈ భూభేదమే యని మా యభిప్రాయము. మాగాణి గలవాని యింటను వరి నిత్యమును ఉడికెనని తలపరాదు. శిస్తునకో, అప్పునకో రొక్కము కావలసినపుడు మొదట అంగడికి పోవునది వెలగల గింజయే గదా.

గ్రిబుల్ దొర వ్రాసిన కడపజిల్లా మాన్యువలు 1875లో వెలువడినది. మఱుసటి యేడే ధాత కరువు. 1876 మొదలు 1878 వఱకు అది దక్షిణదేశమున లక్షలకొలది జనులను బలిగొన్నది. ధాతనామ సంవత్సరమున మొదలైనది గావున జనులు దానినట్లు పిలిచిరి. కరువు నెఱిగిన యింట గింజకు గల మర్యాద వేఱు. ఈ సీమ వంటలో ఏ పదార్థమును వృథగా పోనీయని నేర్పు కనబడునన్నచో, అది పాకశాస్త్రములు చదివి నేర్చినది కాదు.

నిత్యజీవనమును చూతము. తెల్లవాఱకముందే ఇసుఱ్ఱాయి మ్రోగెడిది. జేజియు కోడలును ఎదురెదురుగా కూర్చుండి ఒకే పిడిని పట్టి రాగులు విసరెడివారు. ఎసరు మరిగిన పిమ్మట నూకలు వేసి, అవి యుడికిన తరువాత రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో గట్టిగా గెలికి, తడిచేతితో ముద్దలు చేయుదురు. నిఘంటువులయందలి సంకటి యిదియే; వాడుకలో సంగటి. ఆ నూక ఏ ధాన్యపుదను ప్రశ్నలోనే కుటుంబపు స్థితి యంతయు నున్నది. వరినూక వేయగలవారు కలిగినవారు. జొన్ననూకయో కొఱ్ఱనూకయో వేయువారు నడిమివారు. నూకకే దిక్కులేక పిండిని పలుచగా కాచి త్రాగువారు తక్కినవారు. ఒకే పేరుగల వంటకము మూడిండ్ల మూడు చరిత్రలను చెప్పుచున్నది. ఇట్టి సూక్ష్మభేదము శిస్తుపట్టీలలో దొరకదు. రాత్రి మిగిలిన ముద్దను నీటిలోనో మజ్జిగలోనో వేసి యుంచిన ఉదయమునకు సద్ది. అది పొలమునకు పోవును. తోడుగ చింతచిగురుతో చేసిన పుల్లగూరయో, ఉలవచారో, ఊరిబిండియో, ఏదియు లేనినాడు ఎఱ్ఱగడ్డయు ఉప్పును.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. రాయలసీమ వంటకు గుఱుతులుగా నేడెంచబడు ఎఱ్ఱకారమును, చెనిక్కాయల ఊరిబిండియు ప్రాచీనములు కావు. మిరపయు వేరుసెనగయు అమెరికా ఖండముల మొక్కలు; 1492నాటి కొలంబసు యాత్రకు పూర్వము ఈ దేశమున వానిని ఎవ్వరును ఎఱుగరు. అంతకుముందు కారమనగా మిరియమే. మిరపయను పేరును మిరియమునుండి వచ్చినదే. వేరుసెనగకు ఇచ్చట చెనిక్కాయ, కర్నూలు వైపున బుడ్డలు అని పేర్లు. అది అమ్ముడుపోవు పైరుగా ఇరువదవ శతాబ్దమున మెట్టచేలను ఆక్రమించి, కొఱ్ఱను, అరికను వెనుకకు నెట్టినది. చేతికి రొక్కమిచ్చినది, కుండలోని గింజను తీసికొన్నది. సంప్రదాయమని మనము పూజించునది ఎంత పాతదో విచారించిన పిమ్మట పూజించుట మేలు.

ఇక పండుగలు. వీనిలో ఈ సీమకు పెద్దది సంక్రాంతియే. చెఱువు క్రింద వరి యిల్లు చేరు కాలమది. అరిసెలకు కొత్తబియ్యము కావలెను. బియ్యమును నానబెట్టి, తడి యారకముందే రోట దంచి జల్లించి, బెల్లపు పాకమును నీటిలో వేసి ఉండకట్టుట చూచి పిండి కలుపవలెను. ఇది ఒక యింటి చేతులతో కాదు. ఇరుగుపొరుగు ఆడువారు ఒకనాడొకరి యింట, మఱునాడు మఱియొకరి యింట రోకళ్లు పట్టెడివారు. మణుగుబూలు, కజ్జికాయలును ఆ వరుసలోనివే. పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, విస్తరి వడ్డించి, మ్రొక్కిన తరువాతనే ఇంటివారు భుజింతురు.

అయితే ఆ దినములలో ఇంటినంతటిని ఒకచోట కూర్చుండబెట్టునది అరిసె గాదు, అనపకాయ. చెనిక్కాయ చేలలో సాళ్ల నడుమ వేసిన అనప మంచుకాలమున కాపునకు వచ్చును. గింజలు వలిచి, నీట నానబెట్టి, ఒక్కొక్క గింజను వ్రేళ్లనడుమ నొక్కినచో తొక్క చేతనుండి పప్పు జాఱిపడును. అదియే పితికిపప్పు. దీనికి నైపుణ్యముకంటె ఓపిక యెక్కువ కావలెను గావున తాత మొదలు బడిపిల్లల వఱకు అందఱును చాటచుట్టు చేరుదురు. కన్నడమున దీనినే హితికిద బేళె యందురు. తెలుగు పితుకునందలి పకారము కన్నడమున హకారమగుట భాషావేత్తలకు తెలిసినదే. ఆ పప్పుతో కాచిన పులుసునకు దోసెలో, అలసందవడలో, ఆ పూట వండిన వరియన్నమో తోడు.

కనుమనాడు పసులపండుగ. రాయచోటి, చిత్తూరు ప్రాంతముల యందు ఆ యుదయమున వేపచెక్క మొదలైన చేదు దినుసులను ఉప్పుతో దంచి పశువుల నోట పెట్టుదురు. దీని పేరు ఉప్పుచెక్క. పండుగనాడు మనుష్యులకు తీపి, పశువులకు చేదు. ఇది కఠినమనిపించును గాని, ఏడాదికొకమాఱు చేయు వైద్యమిది. పిదప కొమ్ములకు రంగులు పూసి, ఊరిబయట కాటమరాజు పేర నిలిపిన రాతికడ పొంగలి పెట్టి, కంపతో పేర్చిన చిట్లాకుప్పకు సాయంకాలమున నిప్పంటించి పశువులను ఊరిలోనికి తోలుదురు. కాటమరాజు పుల్లరి విషయమున నెల్లూరి నల్లసిద్ధితో పోరిన గొల్లవీరుడు. పదుమూడవ శతాబ్దపు మేతపన్ను తగవు ఈ సీమ పండుగలో నేటికిని ఒక రాతి రూపమున నిలిచియున్నది.

ఉగాదికి ఓళిగలు. శనగబేడలకు సమముగ బెల్లము వేసి నూరిన పూర్ణమును మైదాలోనో గోధుమపిండిలోనో పొదిగి తట్టి కాల్చుదురు. కోస్తావారు దీనినే బొబ్బట్టనిరి, తెలంగాణమున భక్ష్యము, కన్నడమున హోళిగె, ఒబ్బట్టు, మహారాష్ట్రమున పోళి. మన ఓళిగ కన్నడపు హోళిగెలో హకారము జాఱగా వచ్చినదని వేఱుగ చెప్పనక్కఱలేదు. వీరభద్రునికడకు కన్నడభక్తులు వచ్చిన త్రోవనే ఈ మాటయు వచ్చియుండును. అంతకంటె గమనింపదగినది ఓళిగచారు. శనగబేడలుడికిన నీటిని పాఱబోయక వంచియుంచి, చింతపండును, కారమును, కొంచెము పూర్ణమును చేర్చి కాచుదురు. మఱునాటికి దాని రుచి మఱింత హెచ్చును. పండుగపూట మిగిలిన నీరు గూడ ఒకపూట కూరయగుట ఈ వంటయింటి తీరు.

వినాయకచవితి కుడుములు, శ్రీరామనవమి పానకము వడపప్పులు ఎల్లెడలను గలవే గావున వానిని విడిచెదము.

రాయచోటి సంగతి వ్రాయుచు ముసల్మానుల యిండ్లను విడుచుట మాత్రము చరిత్రకు ద్రోహము. ఈ పట్టణమున వారి జనసంఖ్య గణనీయము. రంజాననాటి షీర్ ఖుర్మా పొరుగున నున్న హిందూగృహమునకును, ఉగాదినాటి ఓళిగ ముసల్మాను గృహమునకును పోవుట యీ సీమ ఎఱిగిన మర్యాద. పీర్ల పండుగకు బెల్లము, బొరుగులు చదివించువారిలో హిందువులును గలరు. కడప నగరమును ఆనుకొనియున్న దేవునికడపలో ఉగాదినాడు ముసల్మానులు వేంకటేశ్వరుని దర్శించి కానుక లర్పింతురు. బీబీ నాంచారిని తమ యాడుబిడ్డగను, స్వామిని అల్లునిగను తలచుటయే దీనికి కారణము. పండుగనాడు అల్లునియింటికి వట్టిచేతులతో పోరాదను ఇంటిమర్యాదయే ఇచ్చట గుడిమర్యాదయైనది.

ఈ యేర్పాటు తలక్రిందులైన కాలమును ఇంచుమించుగ నిర్ణయింపవచ్చును. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ప్రారంభించినది. పిండిమరలు అంతకుముందే ఇసుఱ్ఱాయిని మూలకు చేర్చుచుండెను. క్రమముగా చౌకధర బియ్యము దినధాన్యమైనది. ఒక తరములోనే వరియన్నమునకు పండుగతనము పోయినది. పేదయింటి పిల్లలు రెండుపూటల వరియన్నము తినుట ఆ సీమ చరిత్రలో చిన్న మార్పు కాదు; ధాత కరువును తలచుకొన్నవారికి దాని విలువ తెలియును. పండుగనాటికై సంవత్సరము ఎదురుచూచు ఆశ అంతరించినదని వగచువారు ఆ యెదురుచూపు వెనుకనున్న ఆకలిని మఱవరాదు.

సంగటి మాత్రము చావలేదు. దాని స్థానము మాఱినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నేడు నాటుకోడి పులుసుతో రాగిసంగటి భోజనశాలలలో వెలపెట్టి కొను పదార్థము, పెండ్లివిందులలో ప్రత్యేకవంటకము. పూర్వులు దానిని ఆరోగ్యమునకై తినిరని ఇపుడు చెప్పుచున్నారు. వారు తినినది అదియే పండెను గావున. తెల్లవాఱుజామున ఇసుఱ్ఱాయి త్రిప్పిన చేతులనడిగినచో ఆ యారోగ్యమునకు వెల యెంతయో తెలియును.

విశ్వవిద్యాలయములలో తెలుగు చదువు విద్యార్థులు ఈ ప్రాంతమునకు పోయినపుడు పాటలను, కథలను సేకరించుచున్నారు, మంచిదే. వానితోపాటు ప్రతి గ్రామమునను మూడు విషయములు అడిగి వ్రాసికొనవలెనని మా కోరిక. సంగటిలో ఏ నూక వేసెడివారు? వరియన్నము ఏటికెన్ని దినములు వండెడివారు? సంక్రాంతినాడు పెద్దలకు పెట్టిన విస్తరిలో ఏ ధాన్యముండెడిది? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగల జేజులు రాయచోటి పల్లెలయందు ఇంకను గలరు.