బొమ్మ తీసేవారూ, బొమ్మలో పడేవారూ

డాక్యుమెంటరీ చిత్రానికి సత్యమే ప్రాణమని అందరూ అంటారు. ఆ మాట కాదనవలసిన పని లేదు. కాని సత్యం చూపించినంత మాత్రాన ధర్మం నెరవేరినట్టేనా అనే ప్రశ్నను మన విమర్శకులు చాలినంతగా పట్టించుకోలేదు. కథాచిత్రంలో నటుడు తనది కాని దుఃఖాన్ని నటిస్తాడు. దానికి ప్రతిఫలం పుచ్చుకుంటాడు. షూటింగు ముగిసిన మర్నాడు తన బతుకు తనదే. డాక్యుమెంటరీలో కనిపించే మనిషి అలా కాదు. తన సొంత ముఖాన్నీ, సొంత పేరునూ, సొంత దుఃఖాన్నీ మనకు అప్పుగా ఇస్తాడు. ఆ అప్పు తీర్చవలసిన బాధ్యత ఎవరిది? ఏ రూపంలో తీర్చాలి? అసలు అప్పిచ్చేటప్పుడు 'ఇవ్వను' అనగలిగిన స్వేచ్ఛ అతనికి వున్నదా?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకటానికి నల్లగొండ, పాలమూరు జిల్లాల చరిత్రలో కావలసినంత సామగ్రి వున్నది. 2016లో ఈ జిల్లాలు అనేక ముక్కలయినా చరిత్ర విషయంలో పాత సరిహద్దులనే పట్టుకోవటం మేలు. ఎనభై ఏళ్లకు పైగా ఈ మెట్టనేలకు బయటినుంచి కెమేరాలూ, టేప్ రికార్డర్లూ వస్తూనే వున్నాయి. అడవినీ, తిరుగుబాటునూ, కరువునూ, రోగాన్నీ పట్టుకుపోయాయి. తిరిగి ఏమి తెచ్చి ఇచ్చాయన్నదే మన విచారణ.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. డాక్యుమెంటరీకి ఆదిపురుషుడుగా చెప్పుకునే రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో 'నానూక్ ఆఫ్ ది నార్త్' విడుదల చేశాడు. అందులో కనిపించే కెనడా ఉత్తరప్రాంతపు ఇన్యూట్ ప్రజలు అప్పటికే తుపాకులు ఎరుగుదురు. ఫ్లాహర్టీ వారిచేత పాతకాలపు ఈటెలతో వేటాడించాడు. మంచు ఇంటిలో కెమేరాకు వెలుతురు చాలకపోతే ఒక పక్క తెరచి వుంచిన ఇల్లు కట్టించాడు. ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టకూడదు. సగం ఇల్లు పనిముట్టు అవసరం కోసం చేసిన ఏర్పాటు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. తుపాకి దాచటం మాత్రం ఒక జాతి మొత్తాన్ని వర్తమానం నుంచి గెంటివేయటం. మనతోపాటు ఈ కాలంలోనే బతుకుతున్న మనుషులను పురాతన వస్తువులుగా చూపటం.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఫ్రెంచి దర్శకుడు జాఁ రూష్‌ది. 1951లో ఆయన పడమటి ఆఫ్రికాలోని నైజర్ నది మీద నీటి ఏనుగుల వేటను చిత్రించాడు. తర్వాత ఆ బొమ్మను తీసుకువెళ్లి ఆ వేటగాళ్లకే చూపించాడు. వేట ఘట్టానికి ఆయన కూర్చిన సంగీతం విని వాళ్లు అభ్యంతరం చెప్పారు: వేటలో నిశ్శబ్దం వుండాలి, ఇంత చప్పుడయితే జంతువు పారిపోతుంది గదా అన్నారు. రూష్ ఆ సంగీతం తీసివేశాడు. బొమ్మలో పడినవారే దానికి మొదటి విమర్శకులు కావటం ఇక్కడ మనం గమనించవలసిన సంగతి. నేను 'తిరుగు బాకీ' అనేది ఇదే.

ఇక మన నేలకు వద్దాం. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి వియన్నాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ మన దేశంలో వున్నాడు. శత్రుదేశపు పౌరుడు కాబట్టి హైదరాబాదు సంస్థానంలో వుండిపోవలసి వచ్చింది. 1940లో భార్య బెట్టీతో కలిసి పాలమూరు జిల్లా అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య మకాం వేశాడు. చెంచుపెంటలు తిరిగాడు, ఫోటోలు తీశాడు, 1943లో చెంచుల మీద ఇంగ్లీషులో పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. ఆయన జీవితకాలంలో తీసిన వేలాది ఫోటోలు, వాటితోపాటు ఫిల్ములు, లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రంగా వున్నాయి.

ఆయన దోపిడిదారు కాడు. అడవి బిడ్డల పక్షాన నిజాం ప్రభుత్వానికి సిఫారసులు చేశాడు. చెంచులకోసం ఒక రిజర్వు ఏర్పడటంలో ఆయన పాత్ర వున్నది. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి, వాళ్ల బతుకు ఎట్లా మారిందో చూసి రాశాడు. ఇంత మేలు చేసిన మనిషి విషయంలో కూడా ప్రశ్న మిగిలే వుంటుంది. సర్కారు మద్దతుతో, సామాను మోసే మనుషులతో వచ్చిన దొర కెమేరా ఎత్తితే 'వద్దు' అనటం ఒక చెంచు మనిషికి సాధ్యమేనా? ఆ ఫోటో ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో అతనికి చెప్పటం ఎట్లా? లండన్‌లో వున్న బొమ్మను అతని మనుమరాలు చూడాలంటే దారి ఏది? మంచి ఉద్దేశం అనుమతికి బదులు కాదు. ఇది వ్యక్తి నీతి కాదు, అధికార సంబంధం.

అదే 1943లో తెలుగు తెరమీదికి 'చెంచులక్ష్మి' వచ్చింది. 1958లో అదే పేరుతో మరొకటి వచ్చింది. వాటిలో చెంచులు లేరు, చెంచు వేషాలే వున్నాయి. అయినా అది నిజమైన చెంచుపెంట అని ఏ ప్రేక్షకుడూ పొరపడలేదు. డాక్యుమెంటరీ 'ఇది నిజం' అని ప్రమాణం చేస్తుంది. ప్రమాణం చేసేవాడి మీద బాధ్యత ఎక్కువ.

చెంచుల అడవికి ఉత్తరాన, అదే దశాబ్దంలో, నల్లగొండ జిల్లా రైతాంగం తుపాకి పట్టింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడింది. ఆ నడుమ పల్లె మనిషి చేతిలో కెమేరా లేదు. అతని చరిత్ర పాటలోనూ, బుర్రకథలోనూ నిలిచింది. తుపాకి పట్టిన స్త్రీ బొమ్మ ఉద్యమానికి పతాక అయింది. కాని ఆ స్త్రీ ఏమనుకున్నదో ఆ బొమ్మ చెప్పలేదు. ఆమెను మాట్లాడనివ్వటానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేప్ రికార్డరు పట్టుకుని చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలైన వారి దగ్గరికి వెళ్లి విన్నారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వెలువడింది.

ఆ పుస్తకంలోని గొంతులు గర్వాన్ని దాచలేదు, గాయాన్నీ దాచలేదు. దళంలో వుండి బిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి దుఃఖం అందులో వున్నది. పోరాటం ముగిశాక 'ఇక ఇంటికి వెళ్లండి' అనిపించుకున్న స్త్రీల నొప్పి వున్నది. మన ఉద్యమానికి ఇబ్బంది కలిగించే మాటలను అచ్చువేయటమా, మానటమా? వేయటమే ధర్మమని ఆ పుస్తకం తేల్చింది. శత్రువును ఎండగట్టేటప్పుడు సత్యవాదులం, మన ఇంటి సంగతి వచ్చినప్పుడు మౌనవ్రతులం అయితే, మనం తీసేది డాక్యుమెంటరీ కాదు, గోడపత్రిక.

ఇక వర్తమానానికి దగ్గరయిన కథ నీటిది. నీటిలోని ఫ్లోరైడు మనిషి ఎముకలను వంచివేస్తుందని మన దేశంలో 1937లోనే నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. నల్లగొండ జిల్లాలో ఈ రోగం ఎంత ప్రబలిందంటే, 1970ల్లో నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిని శుద్ధిచేసే పద్ధతి రూపొందించినప్పుడు దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. జిల్లా పేరు శాస్త్రగ్రంథాలకు ఎక్కింది. దానితోపాటు కెమేరాలు దిగాయి. వంకర తిరిగిన కాళ్లు, గారపట్టిన పళ్లు, నడుము ఎత్తలేని పిల్లలు తెరమీదికీ, పత్రికలమీదికీ వచ్చారు.

ఆ బొమ్మలవల్ల ప్రపంచానికి తెలిసింది, తెలియటం అవసరమే. 1943 బెంగాలు కరువును సునీల్ జానా ఫోటోలు తీసి వుండకపోతే 'పీపుల్స్ వార్' పత్రిక పాఠకులకు ఆకలి అంటే కంటికి కట్టేది కాదు. కాని ఒకే బిడ్డను పదిమంది పదిసార్లు చొక్కా విప్పించి నిలబెడితే, పదకొండోసారి ఆ బిడ్డ మనిషిగా కాక వంకర ఎముకగానే మనకు కనిపిస్తాడు. జాలి పుట్టించే బొమ్మ కారణాన్ని మింగివేస్తుంది. బోరుబావి ఎంత లోతుకు పోయింది, కృష్ణ పక్కనే పారుతున్నా తాగునీరు ఎందుకు రాలేదు అనే ప్రశ్నలు కాలి వంకర వెనక మరుగుపడతాయి. తర్వాతి కాలంలో నదినీళ్లు పైపుల్లో వచ్చాయి. వంగిన ఎముకలు మాత్రం నిటారు కావు.

అయితే నల్లగొండ ప్రజలు తమను తాము ఎట్లా చూపించుకున్నారో కూడా చరిత్రలో వున్నది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్లు కుప్పతెప్పలుగా పడ్డాయి. నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. ఆ ఏడే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇక్కడ ఎవరూ కాలు చాపి చూపలేదు, పేరు రాసి చూపారు. రోగిగా కాక పౌరుడుగా కనిపించదలచుకున్నారు. డాక్యుమెంటరీ తీసేవారు నల్లగొండ నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే: మనిషి తాను ఎట్లా కనిపించాలనుకుంటున్నాడో ముందు అతన్నే అడగాలి.

పాలమూరు వలసకూలీ విషయంలో ఇది ప్రాణసంకటమే అవుతుంది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, దూరదేశంలో ఆనకట్ట కిందో, కాలువ గట్టునో పనిచేసే కూలీ కెమేరా ముందు మేస్త్రీని నిందిస్తే ఆ బొమ్మకు బహుమానం రావచ్చు. వచ్చే ఏడు మళ్లీ అడ్వాన్సు కోసం అతను వెళ్లవలసింది ఎక్కడికి? బిడ్డ పెళ్లికో, జబ్బుకో చేయి చాపవలసింది ఎవరి ముందు? అతని పేరూ, ముఖమూ దాచటం సత్యానికి ద్రోహం కాదు. సత్యం చెప్పినవాణ్ణి కాపాడటం.

ఇన్ని షరతులు పెడితే దుర్మార్గాన్ని బయటపెట్టేదెట్లా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని అనుమతి అనేది అధికారాన్ని బట్టి మారుతుంది. పేదవాడి ముఖానికి వున్న రక్షణ పెత్తందారు చేతలకు అక్కరలేదు. 1984 హైదరాబాదు మతకల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో?' (1986) కల్లోలంలో నలిగిన పేదల మాట విన్నది, నాయకులను ప్రశ్నించింది. ఇద్దరినీ ఒకే తూకంతో తూచటం నిష్పాక్షికత కాదు, బలవంతుడికి చేసే ఉపకారం.

ఇంకొక దారి కూడా వున్నది: కెమేరానే చేయి మార్చటం. ఒకప్పటి మెదక్ జిల్లాలో, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత స్త్రీలు, చదువురానివారు కూడా, కెమేరా పట్టారు. వరంగల్ రైతులను బీటీ పత్తి ఎట్లా ముంచిందో వారే తీసి చూపారు. వ్యవసాయం తెలిసిన కన్ను పొలంలో ఏమి చూడాలో ఎరుగును. చెంచుపెంటలోనో, మర్రిగూడలోనో ఇలాంటి చేతులు లేచిననాడు మన ప్రశ్నల్లో సగం వాటంతట అవే తీరుతాయి.

అంతవరకూ బొమ్మ తీసేవారు మూడు పనులు చేయక తప్పదు. 'వద్దు' అనే హక్కు వున్నదని తెలుగులో, అర్థమయ్యేటట్టు ముందే చెప్పాలి. దుఃఖంతోపాటు దానికి కారణమయినవాణ్ణి కూడా చూపాలి. బొమ్మ పూర్తయ్యాక ఢిల్లీకీ, విదేశాలకూ పంపేముందు ఆ పల్లె రచ్చకట్ట దగ్గరే తెర కట్టి చూపాలి. అక్కడ కూర్చున్నవారు 'ఈ ముక్క తీసెయ్యండి' అంటే తీసివేయటానికి సిద్ధపడాలి. అందుకు సిద్ధపడని కళాకారుడు ఎంత గొప్ప బొమ్మ తీసినా, అది ప్రజల గురించి తీసిన బొమ్మే అవుతుంది కాని ప్రజల బొమ్మ కాదు.