కఫన్ ముందుగా కొని పెట్టుకున్నవారు

మా దాదీమా ఇనుప ట్రంకుపెట్టెలో అడుగున ఒక మూట ఉండేది. అందులో తెల్లని లట్ఠా గుడ్డ, చిన్న అత్తరు సీసా, కొంచెం కర్పూరం, చేతిరుమాలులో ముడివేసిన కొన్ని నోట్లు. పిల్లలము ముట్టుకోబోతే "అది నా ప్రయాణపు సామాను, దాని జోలికి పోవద్దు" అనేది. వీధిలో ఎవరైనా బీదవారి ఇంట మయ్యత్ అయి, గుడ్డకు డబ్బు లేక తడుముకుంటూ ఉంటే ఆ మూట విప్పి ఇచ్చేసేది. తరువాత కోడిగుడ్లు అమ్మి, పైసా పైసా కూడబెట్టి మరల కొనేది. మాకు తెలిసి మూడు పర్యాయములు అట్లా ఇచ్చింది. నాలుగవది ఆమెకు దక్కింది. ఆమె పోయిననాడు మా నాయన ఎవరి ముందూ చేయి చాపలేదు.

బడిలో పిల్లలకు చరిత్ర పాఠం చెప్పేటప్పుడల్లా ఆ మూట మాకు గుర్తుకు వస్తుంది. తన కఫన్ దఫన్‌కు తానే ముందుగా ఏర్పాటు చేసుకొనుట కొత్త సంగతి కాదు. ఫకీరులు చేసుకున్నారు, పాదుషాలూ చేసుకున్నారు. ఎవరు ఏమి దాచుకున్నారు, చివరకు ఎవరికి ఏమి దక్కింది అనేది మన సంఘ సభ్యుల ముందు ఉంచుదామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బ్రతికి ఉండగా కఫన్ కొంటే అపశకునమని మన ఇండ్లలో కొందరు భయపడతారు. ఆ భయానికి ఆధారము లేదు. సహీ బుఖారీలో హజరత్ సహల్ బిన్ సాద్ (రజి) చెప్పిన సంగతి ఒకటి ఉన్నది. ఒక స్త్రీ తన చేతులతో నేసిన దుప్పటిని ప్రవక్త (స) వారికి కానుకగా ఇచ్చింది. వారికి దాని అవసరము కూడా ఉండెను. ఒక సహాబీ దానిని అడిగి తీసుకున్నారు. తోటివారు ఆయనను మందలించినారు. కప్పుకొనుటకు కాదు, నా కఫన్ కొరకే అడిగినానని ఆయన జవాబు చెప్పినారు. చివరకు అదే ఆయనకు కఫన్ అయినది. ప్రవక్తవారు తప్పు పట్టలేదు. మన హాజీలు కఫన్ గుడ్డను జమ్‌జమ్ నీటిలో తడిపి, ఆరబెట్టి తెచ్చుకొనుట కూడా ఇట్లాంటి ముందుచూపే.

ఇక హజరత్ అబూబకర్ (రజి) 634లో మరణశయ్య మీద ఉండగా, తాము తొడిగిన పాత వస్త్రమునే ఉతికి, దానికి మరి రెండు చేర్చి కఫన్ చేయమన్నారు. కొత్త గుడ్డ చనిపోయినవారి కంటే బ్రతికినవారికే ఎక్కువ అవసరమని వారి భావము. అప్పటికి వారు ఖలీఫా అన్న సంగతి మరువరాదు.

మన దక్కనులో కథ వేరుగా నడిచింది. 1518 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు బ్రతికి ఉండగానే తమ గోరీలు కట్టించుకునేవారు. కోటకు దగ్గరలోనే ఆ గుమ్మటాలు ఇప్పటికీ ఉన్నవి. మయ్యత్‌కు స్నానం చేయించే హమాము కూడా అక్కడే కట్టినారు. బిజాపూరులో మొహమ్మద్ ఆదిల్‌షా ఇంకా పెద్దగా తలపెట్టి గోల్ గుంబజ్ కట్టించుకున్నాడు. 1656లో ఆయనను అందులోనే పాతిపెట్టినారు. కొడుకు రెండవ అలీ ఆదిల్‌షా కూడా తన కోసం పెద్ద గోరీ మొదలుపెట్టాడు. 1672లో ఆయన కన్ను మూసేనాటికి కమానులే లేచినవి, పైకప్పు పడలేదు. దానినే ఇప్పుడు బారా కమాన్ అంటున్నాము.

అందరికంటే విచిత్రము చివరి కుతుబ్‌షాహీ అబుల్ హసన్‌ది. రామదాసు కథలో తానీషాగా తెలుగువారందరికీ ఆయన తెలుసు. గోల్కొండలో పూర్తికాని గోరీ ఒకటి ఉన్నది. అది ఆయన తన కోసం మొదలుపెట్టినదే అని చెప్పుకుంటారు. 1687లో ఔరంగజేబు సైన్యము కోటను పట్టుకున్నది. తానాషాను దౌలతాబాదు కోటలో ఖైదు చేసినారు. అక్కడే చనిపోయినాడు. ఎల్లోరా గుహలకు దగ్గర ఉన్న ఖుల్దాబాదులో పాతిపెట్టినారు. తాతముత్తాతల గుమ్మటాల నడుమ ఆయనకు చోటు దొరకలేదు.

ఆయనను ఓడించిన ఔరంగజేబు కూడా 1707లో మరణించి అదే ఖుల్దాబాదుకు చేరినాడు. ఆయన పరిపాలన మంచిచెడ్డల విచారణ ఇక్కడ మా పని కాదు. ఆయన పేరిట ప్రసిద్ధమైన వీలునామాలో ఒక లెక్క ఉన్నది. తాను కుట్టిన టోపీల వెల నాలుగు రూపాయల రెండు అణాలు కఫన్‌కు ఖర్చు పెట్టమని, ఖురాన్ వ్రాసి సంపాదించిన 305 రూపాయలు తాను పోయిననాడు ఫకీరులకు పంచమని. హిందూస్థానమంతా ఏలిన మనిషి చివరి ఖర్చు అంతే! సమాధి పైన కప్పు లేదు. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ నిజాము ప్రభుత్వ కాలంలో వచ్చినది.

మన షరీయత్ లెక్క కూడా తేటగానే ఉన్నది. చనిపోయినవారి సొమ్ములో మొదట కఫన్ దఫన్ ఖర్చు. తరువాత అప్పులు, భార్యకు ఇవ్వని మహర్ కూడా అప్పే. ఆ తరువాత మిగిలినదానిలో మూడవ వంతుకు మించని వసీయత్. ఆపైన వారసుల వాటాలు. మగవారికి మూడు గుడ్డలు, ఆడవారికి ఐదు. ఇందులో బిర్యానీ దేగ్‌ల ఖర్చు ఎక్కడా లేదు.

ఇదంతా తెలిసిన మేమే తప్పు చేసినాము. మా నాయన "నా పేరిట విందులు వద్దు" అని పలుమార్లు చెప్పినాడు గాని కాగితం మీద పెట్టలేదు. ఆయన పోయిన తరువాత బంధువులు "ఇంత పెద్దమనిషి చహెల్లుం చాయ్ బిస్కట్లతోనా?" అన్నారు. మేము నోరెత్తలేకపోయినాము. అమ్మ చేతి బంగారు గాజులు తాకట్టుకు పోయినవి. విడిపించేసరికి రెండేండ్లు పట్టింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ రెండేండ్లూ పండుగనాడు ఆమె మట్టిగాజుల చేతులతో షీర్‌ఖుర్మా వడ్డిస్తూ ఉంటే మేము తల ఎత్తలేదు.

కాబట్టి సభ్యులకు మా మనవి ఇంతే. కఫన్‌కు, ఖబర్ తవ్వే కూలికి సరిపడా సొమ్ము పక్కన పెట్టండి. ఎవరికి ఎంత బాకీ, మహర్ ఇచ్చినామా లేదా, విందు వద్దా, ఇవన్నీ ఒక కాగితం మీద వ్రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించి, ఇంట్లోవారికి చూపించండి. నోటిమాటను బంధువులు మార్చగలరు, కాగితాన్ని మార్చడం కష్టము. పక్కింట మయ్యత్ అయితే మన మూట విప్పడానికి వెనుకాడవద్దు. మన సంఘం కూడా అట్లాంటి మూటలు నాలుగు ఎల్లప్పుడూ సిద్ధంగా ఉంచితే బాగుంటుంది.

మా కాగితం మేము వ్రాసినాము. దాదీమా ట్రంకుపెట్టెలోనే పెట్టినాము. అల్లాహ్ మన వెనుక ఉండేవారిని అప్పుల పాలు కాకుండా కాపాడుగాక. ఆమీన్.