కల్లు బందైతే ఫిట్స్ ఎందుకొచ్చినయి? మెదడులో భయానికి ఉన్న బ్రేకు కథ

నవీపేట్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. ఇయ్యాల ఎపిసోడ్ హిస్టరీదే, కానీ ఇందులో రాజులు, కోటలు ఉండయి. మన తలకాయలో భయానికి ఒక బ్రేకు ఉంది. దాన్ని ఎట్ల కనిపెట్టిన్రు, మన జిల్లాలో అది ఎట్ల ఫెయిలైందో చెప్త.

2015 సెప్టెంబర్. మీలో చాలామంది అప్పుడు బడికి పోతుండొచ్చు. సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసింది. కొన్ని రోజులకే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల దవాఖానలు నిండిపోయినయి. చేతులు వణుకుడు, ఫిట్స్, వింతగా ప్రవర్తించుడు. "కల్లు దొరకకపోతే మనిషి ఇట్లయితడా?" అని అందరికీ డౌటే. అసలు సంగతి చెట్టు కల్లు కాదు. అందులో కలిపిన డైజోపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మెదడులో రెండు పక్కలా బాదం గింజంత భాగం ఉంటది, పేరు అమిగ్డాలా. ప్రమాదం కనబడంగనే గుండె దడ, చెమట, వణుకు మొదలువెట్టించేది ఇదే. మరి దీన్ని ఆపేదెవరు?

1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్స్, శామ్ ఫ్రాంకెల్ మెదడులో గాబా అనే పదార్థం ఉందని చూపించిన్రు. దాని పనేందో అప్పటికి తెల్వదు. 1957 నాటికి తేలింది: నరకణాలను చల్లబరిచేది గాబానే. అది తగలంగనే కణం గోడలో చిన్న తలుపు తెరుచుకుంటది, క్లోరైడ్ లోపలికి పోతది, కణం సైలెంట్ అయితది.

తమాషా ఏందంటే, మందు ముందొచ్చింది, కారణం తర్వాత తెలిసింది. డైజోపాం 1963లో వేలియం పేరుతో మార్కెట్‌కొచ్చింది. అది మెదడులో ఎక్కడ అతుక్కుంటదో తెలిసింది 1977లో. అది సొంతంగా బ్రేకు వెయ్యదు, గాబా వేసే బ్రేకుకు బలం పెంచుతది. 2010లో ఇంకో ముచ్చట తేలింది. ఎలుకల అమిగ్డాలాలో ఒక రకం బ్రేకు కణాలు ఇంకో రకం బ్రేకు కణాలను ఆపుతున్నయి. అంటే బ్రేకుకే బ్రేకు! భయం ఎంత పెరగాలె, ఎప్పుడు తగ్గాలె అనేది ఈ లెక్క మీదనే నడుస్తది.

ఇగ మన కల్లు దగ్గరికి వద్దాం. చెట్లు తక్కువ, తాగేటోళ్లు ఎక్కువ. నీళ్లల్ల చక్కెర, పౌడర్ కలిపితే సీసా తయార్. పొద్దంతా కూలి చేసొచ్చిన మనిషికి సీసా తాగంగనే మనసు నిమ్మలమైతది. అది బయటి నుంచి తెచ్చిన బ్రేకు. ఏండ్లకేండ్లు తాగితే మెదడు అలవాటువడి సొంత బ్రేకును బలహీనం చేసుకుంటది. ఒక్కసారి సీసా బంద్ అయితే ఆపేటోడు లేడు. అమిగ్డాలా ఒక్కటే కాదు, మెదడంతా వేడెక్కుతది. భయం, వణుకు, ఫిట్స్ అందుకే.

డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దన్న మందును, డోసెంతో తెల్వకుండనే వాళ్లు రోజూ తాగిన్రు. వాళ్లను తాగుబోతులని నవ్వే ముందు ఇది యాది పెట్టుకోండ్రి.

మీ ఇంట్ల ఎవరన్నా అట్లాంటి కల్లుకు అలవాటువడి ఉంటే, తిట్టి ఒక్కరోజులో మాన్పించకండ్రి, ప్రాణం మీదికొస్తది. సర్కారు దవాఖానల మానసిక వైద్యుని దగ్గరికి తీస్కపోండ్రి. డోసు మెల్లమెల్లగ తగ్గిస్తరు, మెదడుకు సొంత బ్రేకు మళ్లీ సెట్ అయ్యే టైమ్ దొరుకుతది. ఈ ముచ్చట మీ ఫ్యామిలీ గ్రూపుల పెట్టుండ్రి. ఉంటా మరి!