అడవి పూరేడు ఉనికికి టీక

పక్షుల పుస్తకాలు చెప్పేది కుదిస్తే వచ్చే మూలవాక్యం ఇది: “అడవి పూరేడు ద్వీపకల్పమంతటా ఆకురాల్చు అడవుల పొదల్లో జట్లుగా ఉండే స్థానిక పక్షి.” కొత్తగూడెంలో నిలబడి దీన్ని విడదీద్దాం.

అడవి పూరేడు – కోళ్ల దుకాణంలో అమ్మే కౌజుపిట్ట కాదు. అది ఫారాల్లో పెంచే జపాన్ జాతి. ఇది జానెడు కూడా ఉండదు. మగదాని రొమ్ముమీద నలుపు తెలుపు అడ్డచారలు ఉంటాయి. 1790లో పక్షిశాస్త్రవేత్త లేథమ్ దీన్ని వర్ణించాడు. శాస్త్రనామం పెర్డిక్యులా ఏషియాటికా.

ద్వీపకల్పమంతటా – కాస్త ఉదారమైన మాట. పటంలో శ్రీలంక దాకా ఒకే రంగు పూస్తారు కానీ, నేలమీద దాయాదుల వాటాలున్నాయి. ఇంకా ఎండిన రాతి నేలలు రాతి పూరేడువి, తూర్పు కనుమల కొండవాలులు ఎర్రముక్కు పూరేడువి. పాల్వంచ, ఇల్లెందు వైపు అడవి మాత్రం దీనికి నప్పిన చోటు.

ఆకురాల్చు అడవుల – టేకు, నల్లమద్ది, తునికి, వెదురు. 1977లో అభయారణ్యమైన కిన్నెరసాని ఇలాంటిదే.

పొదల్లో – వాక్యానికి ప్రాణం ఈ మాటే. నీడ చిక్కనైతే గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే దీనికి గింజలూ లేవు, దాక్కునే చోటూ లేదు. అందుకే అడవి అంచులు, వదిలేసిన పోడు చేలల్లో తిరిగి లేచిన తుప్పలు దీనికి ఇష్టం. కాగితాల్లో వాటిని ‘క్షీణించిన అడవి’ అంటారు. నా దృష్టిలో ఆ మాట చెట్లను లెక్కపెట్టేవాళ్లది. వానలు వెనకపట్టాక గడ్డిదుబ్బు మొదట్లో చిన్న గుంట చేసి ఐదారు గుడ్లు పెడుతుంది. తునికాకు కొత్త చిగురు కోసం వేసవిలో అడవికి నిప్పు పెడితే ముందు కాలేది ఆ దుబ్బులే. సారపాక కాగితం మిల్లుకు కర్రనిచ్చే జామాయిల్ తోటలు పైనుంచి పచ్చగానే కనిపిస్తాయి. వరసల మధ్య దున్ని శుభ్రం చేసిన తోటలో పూరేడు ఎక్కడ దాక్కోవాలి?

జట్లుగా – ఆరు నుంచి పాతిక దాకా. కాలు మీద పడేదాకా కదలవు. ఆపైన బుర్రుమని తలో దిక్కూ లేచి, కొద్ది దూరంలోనే పొదల్లో పడి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ మళ్లీ కూడతాయి.

స్థానిక – చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చిపోయే పూరేళ్లు వేరు. ఇది వలస పోదు. జాతి మొత్తానికి ఇప్పుడు ముప్పు లేదనే అంతర్జాతీయ జాబితా చెబుతుంది. 1972 వన్యప్రాణి చట్టం వలనూ ఉచ్చునూ నేరమంటుంది. అభయారణ్యం హద్దు అవతలి తుప్పలను మాత్రం ఎవరూ పూరేడు ఇల్లుగా లెక్కించరు.