మాటకు చోటుంది, ఓటుకు లేదు

మా బంగారుపాళ్యంలో ఇంటిపన్ను రసీదు ఎవరి మతమూ అడగదు. మామిడితోట గుత్తకు పట్టే సాయిబుకైనా, బెల్లం మూటలు మోసే సాయిబుకైనా, పక్కింటి నాయుడికైనా ఒకటే కాగితం. దాంతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడతాం. 1960 నాటి చట్టం పెట్టిన పన్ను అది, ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. కట్టేచోట మేం అందరిలో ఒకరం. ఖర్చు సంగతి ఎత్తితే మాత్రం "మీకు వక్ఫుబోర్డు ఉంది గదా, మైనారిటీ కార్పొరేషన్ ఉంది గదా" అని జవాబు. ఈ 'గదా' వయసెంతో లెక్క చూడాలనిపించింది.

మా ఊరిపేరులోని పాళ్యం పాళెగాళ్ల నాటిది. చిత్తూరు పాళ్యాలు 1801లో కర్ణాటక నవాబు చేతిలోంచి కంపెనీ చేతికి పోయాయి. నవాబు పోయాడు గనకే మేం పేదలమయ్యామనే కథ మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నవాబు ఉన్నప్పుడు మాత్రం దూది ఏకినాయనకి, గాజుల మలారం మోసిన ముసలమ్మకి ఏం దక్కింది? మా చరిత్ర నవాబుల దర్బారులో లేదు, పన్నుల లెక్కల్లో ఉంది.

మద్రాసు ప్రభుత్వం 1871లో స్థానిక నిధుల చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం చేసింది. శిస్తుకు తోడు భూమి మీద సెస్సు వేసి ఆ డబ్బుతో రోడ్లు, బళ్లు, ఆస్పత్రులు నడపమంది. జమీందారీ ఊళ్లలో సెస్సు కట్టేది జమీందారే అయినా అందులో సగం రైతు దగ్గర రాబట్టుకోవచ్చు. అంటే బడి ఖర్చు మోసినవాళ్లలో చేను దున్నుకునే సాయిబూ ఉన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1882లో వేసిన హంటర్ కమిషన్ ముస్లింల చదువు గురించి 17 సిఫార్సులు చేసింది. మొట్టమొదటిది మాకు కంఠతా ఉండాల్సింది: ముస్లింల చదువుకు ప్రత్యేకంగా ప్రోత్సాహం ఇవ్వడం స్థానిక నిధుల మీదా, మునిసిపల్ నిధుల మీదా, రాష్ట్ర నిధుల మీదా పడే న్యాయమైన ఖర్చేనని. తెల్లదొరలకి మామీద ప్రేమ పొంగి అన్నమాట కాదిది. 1857 తర్వాత వాళ్ల భయాలు వాళ్లకున్నాయి. అయినా స్థానిక నిధి అనే మాట ముందు రాశారు. ఇప్పుడు మాకు ముందుగా మూసుకునే తలుపు అదే.

1920లో కొత్త బోర్డుల చట్టంతోపాటు ప్రాథమిక విద్యా చట్టం కూడా వచ్చింది. బడిపన్ను వేసుకునే అధికారం స్థానిక సంస్థలకు దక్కింది. 1930 సవరణ నామినేషన్ల పద్ధతి తీసేసి ముస్లింలకు, ఆదిద్రావిడులకు, క్రైస్తవులకు, స్త్రీలకు సీట్లు కేటాయించింది. స్వాతంత్ర్యం తర్వాత మతం పేర సీట్లు పోయాయి. వద్దన్నవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. 1949లో రాజ్యాంగ సభలో బేగం ఐజాజ్ రసూల్ అదే వాదించారు. అందరితో కలిసి నిలబడదామనే ఆశ అది. ఆ ఆశను మేం తప్పుపట్టం.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణాన్ని మా లౌకిక మిత్రులు ఒకసారి చదవాలి. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమని అది రాష్ట్రానికొక్కదానికే చెప్పలేదు, ప్రతి స్థానిక సంస్థకూ చెప్పింది. తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టం మైనారిటీల నుంచి మండల పరిషత్తుకు ఒకరిని, జిల్లా పరిషత్తుకు ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోమంది. కో-ఆప్షన్ సభ్యుడు సమావేశంలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. పైగా అతన్ని ఎన్నుకునేది గెలిచిన సభ్యులు. వాళ్ల దయతో వచ్చినవాడు వాళ్ల బడ్జెట్‌ను ఏమని ప్రశ్నిస్తాడు? శాలువా కప్పించుకుని టీ తాగి వస్తాడు. ఆయన్ని అనీ లాభం లేదు.

డబ్బు ఎలా పంచుతారో చూడండి. జిల్లా పరిషత్తు సాధారణ నిధిలో నూటికి 35 పనులకు, 16 ఆఫీసు నిర్వహణకు, 15 ఎస్సీలకు, 15 స్త్రీ శిశు సంక్షేమానికి, 9 తాగునీటికి, 6 ఎస్టీలకు, 4 ఇతర ఖర్చులకు. వందా నిండింది. ఎస్సీ, ఎస్టీల వాటా మీద మాకు కన్ను లేదు, అది వాళ్లు పోరాడి తెచ్చుకున్నది. మేం అడిగేది ఆ 35 గురించి. అది అందరిదీ అంటారు. రోడ్డుకు మతముందా అని మిత్రులు అడుగుతారు. లేదు. కానీ ఆ రోడ్డు ఏ వీధి మొదట్లో ఆగిపోతుందో వచ్చి చూడండి. టీచర్ల జీతాలు రాష్ట్రం ఇస్తుంది సరే, ఉర్దూ బడికి ప్రహరీ, నీళ్లు, మరుగుదొడ్డి ఎవరి పద్దు?

ఇక మా తప్పు. గ్రామసభలో లెక్కలు చదవాలి, చేసే పనులు చెప్పాలి, కొత్త పన్నులేస్తే చర్చకు పెట్టాలి. అక్కడ నోరు తెరవడానికి కో-ఆప్షన్ అక్కర్లేదు, ఓటరైతే చాలు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టారు. అలాంటి సభలకు మావాళ్లు ఎంతమంది పోతారు? పోయినా అడిగేది ఒక్కటే, ఖబరస్తాన్ గోడ. చచ్చినాక పడుకునే చోటుకు గోడ అడిగినంత గట్టిగా పిల్లల బడికి గోడ అడగలేదు మేం. మిగతా పనులకు ముతవల్లి ఇంటికో, నాయకుడిచ్చే ఇఫ్తార్‌కో పోయి చెవిలో చెప్పుకుంటాం. చెవిలో చెప్పింది ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఆడవాళ్లనైతే అసలు పిలవం.

మావైపు ఒక ఊళ్లో సభకు మేం నలుగురం పోయాం. మిషను కుట్టుకునే ఒకామె పిలవకుండానే వచ్చింది. మా గోడ సంగతి అయిపోయాక లేచి నిలబడింది. ఉర్దూ బడిలో మరుగుదొడ్డికి నీళ్లు లేవని, పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తున్నారని చెప్పింది. అది మైనారిటీ వాళ్లకు అర్జీ పెట్టుకోమ్మా అన్నారెవరో.

"ఇంటిపన్ను నేను మైనారిటీ ఆఫీసులో కట్టలేదు నాయనా, ఈడనే కట్టినా" అందామె.

కార్యదర్శి పుస్తకంలో రాసుకున్నాడు. ఏ పద్దు కింద రాశాడో అడగాలని మాకు ఇంటికొచ్చాక తట్టింది.