ఎయిర్‌కోర్

వెదర్ బెలూన్ సాయంతో నేల నుంచి స్ట్రాటోస్ఫియర్ వరకు కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువులు ఏ ఎత్తులో ఎంతున్నాయో తేల్చే గాలి నమూనా సాధనం. అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లోని జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ (నోవా) శాస్త్రవేత్త పీటర్ టాన్స్ దీన్ని రూపొందించారు.

సాధనమంటే చుట్టలుగా చుట్టిన పొడవాటి, సన్నని స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టమే. దాని ఒక కొన మూసి, రెండోది తెరిచి ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గి, ముందే నింపిన వాయువు బయటికి పోతుంది. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి పారాచూట్‌తో దిగేటప్పుడు పెరుగుతున్న పీడనమే చుట్టూ ఉన్న గాలిని లోపలికి తోస్తుంది. పంపు అక్కర్లేదు, ఈ పద్ధతి గొప్పతనమంతా అక్కడే ఉంది. పైపొరల గాలి మూసిన కొన వైపు, నేల దగ్గరి గాలి తెరిచిన కొన వైపు వరసగా నిలుస్తాయి. తెరిచిన కొన దగ్గరి రసాయనం తేమను పీల్చేస్తుంది. నేల తాకగానే వాల్వు మూసుకుంటుంది.

ఆ తర్వాత ఆలస్యం పనికిరాదు. అణువులు మెల్లగా కలిసిపోతూ పొరల మధ్య తేడాను చెరిపేస్తాయి కాబట్టి పడిన చోటు వెతికి, వీలైనంత త్వరగా లేజర్ విశ్లేషకానికి కలపాలి. 2014లో ప్రయోగించిన, కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే ఓసీఓ-2 వంటి ఉపగ్రహాల లెక్కలను సరిచూడటానికి ఈ కొలతలు ఎంతో విలువైనవి.

ఎయిర్‌కోర్ కంటే ముందే, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి 1980లలోనే స్ట్రాటోస్ఫియర్ గాలిని సేకరించారు. అయితే అందుకు వాడినవి అతిశీతల పద్ధతిలో పనిచేసే బరువైన పరికరాలు. వాటికి భారీ బెలూన్లు కావాలి.