కార్‌పూల్ వరుస: పంచుకోవడం నుంచి కొనుక్కోవడం దాకా

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో 91వ నంబరు రహదారి ఉంది. ఇళ్లు కాస్త చౌకగా దొరికే రివర్‌సైడ్ కౌంటీ నుంచి ఉద్యోగాలు దొరికే ఆరెంజ్ కౌంటీకి పోయే దారి అది. పొద్దున పనివేళకు ఆ రోడ్డు మీద కార్లు ఒకదాని వెనుక ఒకటి నత్తనడక నడుస్తాయి. అదే రోడ్డు నడుమ, సన్నని ప్లాస్టిక్ కడ్డీల బారుకు అవతల, మరికొన్ని కార్లు ఆగకుండా సాగిపోతాయి. పోయే దిక్కు ఒకటే, పోవలసిన వేళా ఒకటే. తేడా అల్లా, అవతలివాళ్లు సుంకం చెల్లించారు, లేదా ఒకే కారులో ముగ్గురు కలిసి కూర్చున్నారు.

డబ్బు చెల్లించడమూ, కలిసి ప్రయాణించడమూ ఒకే తలుపుకు రెండు తాళంచెవులు ఎలా అయినాయి? నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే ఒక మాటకు అర్థం ఎప్పుడు మారింది, ఎవరి అవసరం కోసం మారింది అని వెతకడం మా వృత్తిలో భాగమే. ‘కార్‌పూల్ వరుస’ అనే మాటకు అర్థం పాతికేళ్లలో తలకిందులైంది. ఆ మార్పు వెనుక ఉన్న చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ వరుస అమ్మకం కోసం పుట్టలేదు. 1969లో వాషింగ్టన్ నగరానికి ఆనుకుని, వర్జీనియాలోని షర్లీ హైవే మీద బస్సుల కోసం ప్రత్యేకంగా దారి కేటాయించారు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు అమ్మకం ఆపివేశాయి. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. ఆ ఏడాది డిసెంబరులో షర్లీ హైవే బస్సుల దారిలోకి, కనీసం నలుగురు ఎక్కిన కార్లను కూడా రానిచ్చారు. దీని వెనుక ఉన్న సూత్రం తేలికైనదే: రోడ్డు మోయవలసింది మనుషులను, ఇనుమును కాదు. నలభైమంది ఎక్కిన బస్సు, నలుగురెక్కిన కారు, ఒక్కడే కూర్చున్న కారు కంటే ముందు పోవడం న్యాయం.

ఈ సూత్రం నుంచి ఒక చక్కని అలవాటు కూడా పుట్టింది. ఉత్తర వర్జీనియాలో కారున్నవాడు ఒక స్టాపు దగ్గర ఆగి, ముఖపరిచయమైనా లేని ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకుని ప్రత్యేక వరుసలోకి పోతాడు. కారువాడికి వేగం, ఎక్కినవాడికి ప్రయాణం. పైసా చేతులు మారదు. ‘స్లగ్గింగ్’ అని దాని పేరు. ఏ ప్రభుత్వమూ దీన్ని నిర్మించలేదు, ఏ కంపెనీ నడపలేదు. డబ్బే సర్వస్వమనుకునే దేశపు రాజధాని పొలిమేరలోనే ఇది జరిగింది.

అయితే అన్నిచోట్లా కథ ఇలా సాగలేదు. 1976 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని శాంటా మోనికా ఫ్రీవే మీద, అందరూ వాడుకుంటున్న వరుసల్లో ఒకదాన్ని ఇరుదిక్కులా తీసి బస్సులకూ, ముగ్గురెక్కిన కార్లకూ కేటాయించారు. ఒంటరిగా కారు నడిపేవాళ్లు మండిపడ్డారు. పత్రికలు ధ్వజమెత్తాయి. 21 వారాలకే కోర్టు తీర్పుతో ఆ ప్రయోగం ముగిసింది. దీనినుంచి అధికారులు నేర్చుకున్న పాఠం ఒకటే: ఉన్న రోడ్డును పంచవద్దు, కొత్త వరుస వేసి దాన్ని మాత్రమే కేటాయించు. ఈ పాఠం తరువాతి చరిత్రనంతా శాసించింది. పంచుకోవడం అనే సూత్రం అదనంగా వేసిన రోడ్డుకు పరిమితమైపోయింది. పక్కన జనం ఇరుక్కుని ఉంటే ఆ అదనపు వరుస కొన్నిచోట్ల సగం ఖాళీగా కనిపించసాగింది. 1988లో శాన్ డియేగోలో 15వ నంబరు రహదారి నడుమ తెరిచిన ఎనిమిది మైళ్ల కార్‌పూల్ దారి గతి ఇదే.

ఖాళీ జాగా కనిపిస్తే ధర పలికించేవాడు రాకమానడు. ధర పెట్టాలనే సిద్ధాంతం మాత్రం పాతదే. 1920లో ఇంగ్లీషు ఆర్థికవేత్త పిగూ, రద్దీ రోడ్డులోకి వచ్చే ప్రతివాడూ ఇతరుల కాలాన్ని హరిస్తున్నాడనీ, ఆ నష్టానికి అతడు వెల కట్టాలనీ వాదించాడు. 1959లో విలియం వికరీ, ప్రతి కారుకూ ఒక ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి, వేళనుబట్టి మారే సుంకం వసూలు చేయవచ్చునని అమెరికా కాంగ్రెసు సంఘం ముందు చెప్పాడు. అప్పుడది వింతగా తోచింది. 1996లో అతనికి నోబెల్ బహుమతి ప్రకటించారు; మూడు రోజులకే అతడు మరణించాడు.

ఇక్కడొక సంగతి గమనించాలి. పిగూ, వికరీ ఆలోచించింది రద్దీ రోడ్డు మొత్తాన్ని గురించి. రోడ్డంతటికీ ధర పెడితే రద్దీ అందరికీ తగ్గుతుంది. బస్సులో పోయే పేదవాడు కూడా త్వరగా చేరతాడు. 1975లో సింగపూరు, 2003లో లండను అనుసరించింది ఈ మార్గాన్నే. అమెరికా రహదారుల మీద జరిగింది వేరు. అక్కడ ఒక వరుసకే ధర పెట్టి, మిగిలినవాటిని రద్దీకి వదిలిపెట్టారు. సిద్ధాంతం రద్దీని తగ్గించమన్నది. ఆచరణ రద్దీనుంచి తప్పించుకునే హక్కును అమ్మింది. ఈ రెండూ ఒకటి కావు.

ఎందుకు కావో చెప్పడానికి 91వ రహదారి చరిత్రే చాలు. 1989లో కాలిఫోర్నియా శాసనసభ, రోడ్లు వేయడానికి సొమ్ము చాలక, ప్రైవేటు కంపెనీలకు నాలుగు రహదారి ప్రయోగాలు అప్పగించే చట్టం చేసింది. వాటిలో ఒకటి 91వ రహదారి నడిమి జాగా. కంపెనీ సుమారు 13 కోట్ల డాలర్ల ఖర్చుతో పది మైళ్ల పొడవున నాలుగు వరుసలు వేసి 1995 డిసెంబరులో తెరిచింది. సుంకం వేళనుబట్టి మారుతుంది. వసూలు చేసేది యంత్రమే. ‘సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు’ అని మనవాళ్లు సామెత చెప్పారు. ఆ పాత సుంకరికి చెవులైనా ఉండేవి.

కంపెనీ రాయించుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. తన వరుసలకు ఇరుపక్కలా మైలున్నర మేర, 2030 దాకా, ప్రభుత్వం పోటీగా రోడ్డు సామర్థ్యం పెంచరాదు. అంటే సుంకం లేని వరుసలను ప్రభుత్వం వెడల్పు చేయడం ఒప్పందభంగం! 1999లో రాష్ట్ర రవాణాశాఖ అక్కడ అదనపు వరుసలు వేయబోతే కంపెనీ కోర్టుకెక్కింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. జనం అప్పుడు మేలుకున్నారు. చివరకు 2003 జనవరిలో ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ ఆ వరుసలను 20 కోట్ల 75 లక్షల డాలర్లకు కొని, ఆ షరతును వదిలించుకున్నది.

ఆ షరతు కంపెనీ దురాశకు మాత్రమే గుర్తు అనుకుంటే మనం అసలు విషయం జారవిడుస్తాం. నడిమి వరుసలో అమ్ముడుపోయే సరుకు ఏమిటి? రోడ్డు కాదు; రోడ్డు పక్కన ఉచితంగానే ఉంది. పక్క వరుసకూ దీనికీ మధ్య ఉన్న వేగంలోని తేడాయే సరుకు. పక్క వరుస బాగుపడిననాడు ఆ సరుకు విలువ సున్న. కనుక అమ్మేవాడికి పక్కవాడి ఇరుకు కావాలి. ఆ షరతు ఈ అవసరాన్ని న్యాయభాషలో రాసిపెట్టింది. ఫ్రెంచి ఇంజనీరు ద్యుపుయి 1849లోనే ఈ కిటుకును రైళ్లలో పట్టుకున్నాడు. మూడో తరగతి పెట్టెకు కప్పు వేయకపోవడం ఖర్చుకు వెనుదీసి కాదు, రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాడు మూడో తరగతిలోకి దిగకుండా భయపెట్టడానికేనన్నాడు. పేదవాడి మీద పగ లేదు. ధనికుడి జేబు మీదే చూపు. కాని తడిసేది పేదవాడు. తిరుమలలో సర్వదర్శనం కంపార్టుమెంట్లలో గంటల తరబడి కూర్చుని, 300 రూపాయల టికెట్టు వరుస ముందుకు కదలడం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మాటల సంగతి. 1991లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఇటువంటి ప్రయోగాలకు డబ్బిచ్చే పథకం పెట్టినప్పుడు దాని పేరు ‘రద్దీ ధర’ పథకం. 1998లో చట్టం మారినప్పుడు అదే ‘విలువ ధర’ పథకమైంది. రద్దీ అనే మాటలో అందరి కష్టం ఉంది. విలువ అనే మాటలో కొనేవాడి తృప్తి మాత్రమే ఉంది. సమస్య పేరు తొలగి సరుకు పేరు వచ్చింది. జనం మాత్రం తమ పేరు తాము పెట్టుకున్నారు: ఖరీదైన కార్ల పేరుతో, ‘లెక్సస్ వరుసలు’!

అవతలి పక్షం వాదనను తేలికగా కొట్టివేయరాదు. సుంకపు వరుసను ధనికులే కాదు, అన్ని ఆదాయాలవారూ అవసరాన్నిబట్టి వాడుతున్నారని సర్వేలు చెబుతున్నాయి. ఇది నిజమే. ఎక్కువ ఆదాయంవారు మరింత తరచుగా వాడుతున్నారన్నదీ అంతే నిజం. ఆలస్యమైతే జీతం కోసుకుపోయే కూలీ ఒకనాడు సుంకం కట్టినంతమాత్రాన, అతనికి దాన్ని భరించే శక్తి ఉందని తేలదు. అతని అవసరం ఎంత గట్టిదో తేలుతుంది.

దీనికంటే బలమైన వాదన మరొకటి ఉంది. 2008లో లీసా ష్వైట్జర్, బ్రయన్ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 91వ రహదారినే తీసుకుని, ఆ ఖర్చును సుంకంతో కాక అమ్మకపు పన్నుతో రాబడితే ఏమవుతుందో లెక్క కట్టారు. భారం పేదల మీదికి మరింత జరుగుతుందని తేల్చారు. కారే లేనివాడు కూడా సబ్బు కొన్నప్పుడల్లా రోడ్డుకు చెల్లిస్తాడు మరి. ఈ మాట మనవంటివారిని ఆలోచింపజేయాలి. ‘సుంకం పోవాలి’ అన్న నినాదం దానంతటది పేదల పక్షం కాదు. ఉచితమని కనిపించే రోడ్డుకు ఎవరో చెల్లిస్తూనే ఉంటారు.

అందుచేత ప్రశ్న ధర ఉండాలా వద్దా అన్నది కాదు. యాజమాన్యం ఎవరిది? రాబడి ఎటు పోతున్నది? వరుస మీద మొదటి హక్కు ఎవరిది? శాన్ డియేగోలో 1996 నుంచి ఒంటరి కార్లకు వరుసను అమ్మినప్పుడు ఆ రాబడితో ఆ దారినే కొత్త ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపారు. కార్‌పూల్‌వాళ్ల ఉచిత ప్రవేశం నిలిచింది. 91తో పోలిస్తే ఇది మెరుగు. దీనికి విరుద్ధంగా, వర్జీనియాలో 2012లో 495వ రహదారి మీద తెరిచిన ప్రైవేటు సుంకపు వరుసల ఒప్పందం చూడండి. ముగ్గురెక్కిన కార్లకు ప్రవేశం ఉచితం. కాని అటువంటి కార్లు ఒక పరిమితి మించి పెరిగితే ప్రభుత్వం కంపెనీకి పరిహారం చెల్లించాలి. కలిసి ప్రయాణించడం కోసం పుట్టిన వరుసలో, కలిసి ప్రయాణించడం నష్టం పద్దు కింద చేరింది! అదే వర్జీనియాలో 66వ రహదారి మీద 2017 డిసెంబరులో ఒంటరి కార్లకు సుంకం పెట్టారు. రెండోనాడు పొద్దున ఒక్క ప్రయాణానికి అది 40 డాలర్లకు చేరింది. అక్కడ యజమాని ప్రభుత్వమే. యాజమాన్యం ఒక్కటే సరిపోదనడానికి ఇది సాక్ష్యం.

ఈ కథ మనకు దూరపుది కాదు. 2021 ఫిబ్రవరి నుంచి మన జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. వికరీ ఊహించిన పరికరం మన కార్ల అద్దాలకు అంటుకునే ఉంది. 2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డును 7,380 కోట్ల రూపాయలకు ముప్పయ్యేళ్లపాటు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ముప్పయ్యేళ్ల ఒప్పందమంటే ఇంకా ఓటుహక్కు రాని పిల్లల తరఫున కూడా నేడు సంతకం పెట్టడమే. 91వ రహదారి జనానికి తమ ఒప్పందంలో ఏముందో రోడ్డు వెడల్పు కానప్పుడు గాని తెలియలేదు. ఒప్పందాల్లోని చిన్న అక్షరాలను సంతకానికి ముందే, బహిరంగంగా, జనభాషలో చదివించుకోవడం మనం చేయవలసిన పని.

షర్లీ హైవే పక్కన అపరిచితులను ఎక్కించుకున్న ఆ మొదటి కారువాళ్లు ఏ సిద్ధాంతమూ చదివి ఉండరు. రోడ్డు పంచుకుంటే అందరికీ సరిపోతుందని మాత్రం వాళ్లు చేసి చూపించారు. ధర ఆ సూత్రానికి కాపలా కాస్తే కాయవచ్చు. దాని స్థానంలో కూర్చోవడానికి మాత్రం మనం ఒప్పుకోరాదు.